పిట్టల తుపాకీ నుంచి పక్షుల పుస్తకం దాకా
(డాక్టర్ సలీం అలీ జీవితం)



ప్రతి ఏటా మన సంచికలో ఒక మహనీయుని జీవితం రాయడం ఆనవాయితీ. డాక్టర్ అంబేద్కర్ గురించి, జ్యోతిరావు ఫూలే గురించి మన వాళ్ళు చాలా బాగా రాశారు. ఈసారి మేము కొంచెం పక్కదారి పట్టి పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గురించి రాస్తున్నాం. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఆయన పేరు ఒక బిట్టుగా కనిపిస్తుంది. 'బర్డ్ మ్యాన్ ఆఫ్ ఇండియా' ఎవరు అని అడుగుతారు, మనం టిక్కు పెట్టేస్తాం. ఆ టిక్కు వెనుక ఒక ఎయిర్ గన్, ఒక పిచ్చుక, పూర్తి కాని డిగ్రీ, పోయిన ఉద్యోగం ఉన్నాయి. చివర్లో మన కడప అడవి కూడా ఉంది.

తల్లిదండ్రులు లేని పిల్లవాడు

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. ఇంట్లో అందరికన్నా చిన్నవాడు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ళ వయసులో తల్లి చనిపోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం పిల్లలు లేని దంపతులు. ఈ అనాథ పిల్లలందరినీ వారే తెచ్చుకుని ఖేత్వాడీలోని తమ ఇంట్లో పెంచారు. స్వాతంత్ర్య సమరయోధుడు అబ్బాస్ త్యాబ్జీ కూడా వీరికి మేనమామే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. సలీం అలీ పేదవాడు కాడు. చదువుకున్న, కలిగిన కుటుంబం. మనలాగా రేషన్ బియ్యం, ట్రంకు పెట్టె బతుకు కాదు. అందుకే ఆయన కథను పేద బాలుడు పెద్దవాడైన కథగా మేము చెప్పడం లేదు. కలిగిన ఇంట పుట్టినా ఆయనకు మూసుకుపోయిన తలుపులు ఉన్నాయి, ఆయనకు తెరుచుకుని మనకు తెరుచుకోని తలుపులూ ఉన్నాయి. రెంటినీ చూడాలి.

మేనమామ ఇచ్చిన ఎయిర్ గన్

అమీరుద్దీన్‌కు వేట అంటే ఇష్టం. ఆ రోజుల్లో వేట తప్పు పని కాదు, పెద్దింటి వారి హోదా. మేనల్లుడికి ఆయన ఒక బొమ్మ ఎయిర్ గన్ కొనిచ్చారు. సలీంకు అది ప్రాణం. వీధిలోని పిల్లలంతా కలిసి గురి పందేలు పెట్టుకునేవారు. వారిలో దూరపు బంధువు ఇస్కందర్ మీర్జా మంచి గురికాడు. ఈ మీర్జాయే 1956లో పాకిస్తాన్ మొదటి అధ్యక్షుడయ్యాడు.

ఎయిర్ గన్ అనగానే మనకు గుర్తొచ్చేది జాతరలో బెలూన్ల అంగడి. పది రూపాయలిచ్చి బోర్డు మీది బెలూన్లు పేల్చిన వాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. అది ఎలా పనిచేస్తుందో ఫిజిక్స్ చదివే తమ్ముళ్ళ కోసం రెండు మాటలు చెబుతాం. అందులో మందుగుండు ఉండదు. మామూలు రకంలో గొట్టాన్ని మధ్యకు విరిచినట్టు వంచుతాం. అలా వంచినప్పుడు లోపలి గట్టి స్ప్రింగు నొక్కుకుని, ఒక పిస్టన్ వెనక్కి వెళ్ళి ఆగుతుంది. గొట్టం చివర సీసపు గుండు పెట్టి మళ్ళీ మూస్తాం. గుర్రం లాగగానే స్ప్రింగు విడివడి పిస్టన్ ముందుకు దూకుతుంది. ముందున్న గాలి ఒక్కసారిగా నలిగి సన్నటి రంధ్రం గుండా వచ్చి గుండును తోస్తుంది. సైకిల్ పంపు కొన వేలితో మూసి కొడితే వేలికి తగిలే ఒత్తిడి ఎలాంటిదో, ఇదీ అలాంటిదే. ఎక్కువగా వాడే గుండు 4.5 మిల్లీమీటర్లు, కొంచెం పెద్దది 5.5 మిల్లీమీటర్లు. గుండు నడుము సన్నగా, వెనుక పావడాలాగా వెడల్పుగా ఉంటుంది. గాలి తగలగానే ఆ పావడా విచ్చుకుని గొట్టానికి అంటుకుంటుంది, గాలి పక్కలకు పోదు.

దీన్ని సరదాగా కాల్చే వారంతా మొదట చేసే పొరపాటు ఒకటే. ఎక్కువ వేగం ఉన్న తుపాకీ మంచిదనుకుంటారు. ఉన్న స్ప్రింగు తీసి ఇంకా గట్టిది వేయిస్తారు. దానితో తుపాకీ అదురు పెరుగుతుంది, గురి చెడుతుంది. స్ప్రింగు తుపాకీ గుండు గొట్టంలో ఉండగానే వెనక్కి, ముందుకు రెండు వైపులా కదులుతుంది. అందుకే దాన్ని బిగించి పట్టుకోకూడదు, వదులుగా అరచేతి మీద ఉంచాలి. శరీరానికి సరిపోయే బరువు, మెత్తగా కదిలే గుర్రం, ఆ గొట్టానికి నప్పే గుండు చూసుకోవాలి. ఊపిరి సగం వదిలి ఆపాలి. గుండు వెళ్ళిన తర్వాత కూడా ఒక క్షణం కదలకుండా లక్ష్యం వైపే చూస్తూ ఉండాలి. కదలకుండా చూడడం అనే ఈ అలవాటే సలీం అలీకి తుపాకీ పక్కన పెట్టాక కూడా పనికొచ్చిందని మాకనిపిస్తుంది.

ఆ వయసులోనే ఆయన ఒక సంగతి గమనించారు. ఇంటి గుర్రపుశాల గోడ రంధ్రంలో పిచ్చుకలు గూడు పెట్టాయి. ఆడది లోపల ఉంటే మగది బయట కాపలా కూర్చునేది. సలీం ఆ మగదాన్ని కొట్టారు. కాసేపటికి ఆడది ఇంకొక మగదాన్ని తెచ్చుకుంది. దాన్నీ కొట్టారు. ఏడు రోజుల్లో ఎనిమిది మగ పిచ్చుకలు అదే చోట పడ్డాయి, ప్రతిసారీ కొత్తది వచ్చి కూర్చుంది. ఇందులో జాలి లేదు, నిజమే. కానీ ఆ పిల్లవాడు లెక్క రాసిపెట్టుకున్నాడు. దశాబ్దాల తర్వాత పక్షి పరిశీలకుల పత్రికలో ఆ చిన్న నోటు అచ్చయింది. అవే పిచ్చుకలను కొట్టిన పిల్లలు బొంబాయిలో ఇంకా చాలామంది ఉండి ఉంటారు. రాసిపెట్టినవాడు ఈయన.

గొంతు మీద పసుపు మచ్చ

సలీంకు పది పన్నెండేళ్ళ వయసులో ఒకరోజు కొట్టిన పిచ్చుక మామూలుగా లేదు. దాని గొంతు మీద పసుపు రంగు మచ్చ ఉంది. ఇది తినదగిన పక్షేనా కాదా అని అనుమానం వచ్చి మేనమామను అడిగారు. ఆయనకూ తెలియలేదు. అమీరుద్దీన్ 1883లో ఏర్పడిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీలో సభ్యుడు. ఆ సొసైటీ గౌరవ కార్యదర్శి డబ్ల్యు.ఎస్. మిలార్డ్ పేర ఒక పరిచయపు చీటీ రాసి, పిచ్చుకతో సహా పిల్లవాణ్ణి పంపారు.

ఆ రోజుల్లో ఒక తెల్లదొర గదిలోకి భారతీయ పిల్లవాడు ఒంటరిగా వెళ్ళడమంటే చిన్న విషయం కాదు. సలీం భయపడుతూనే లోపలికి వెళ్ళారు. మిలార్డ్ ఆయనను కసరలేదు. పక్షిని చూసి అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పారు. బీరువాల సొరుగులు ఒక్కొక్కటే లాగి, దూది కూరి భద్రపరిచిన పక్షులను వందల కొద్దీ చూపించారు. పక్షుల పుస్తకాలు చదవమని ఇచ్చారు. చచ్చిన పక్షి చర్మం ఒలిచి, పాడవకుండా మందు పూసి, దూది కూరి, ఏ తేదీన ఏ ఊళ్ళో దొరికిందో, ఆడదో మగదో చీటీ మీద రాసి కాలికి కట్టే పని నేర్పించారు. ఆ చీటీ లేకపోతే అది ఒట్టి చచ్చిన పిట్ట. చీటీ ఉంటే శాస్త్రానికి సాక్ష్యం.

మిత్రులారా, ఈ ఘట్టాన్ని పిచ్చుక మహిమగా చెబుతారు. మాకు మాత్రం మేనమామ రాసిన చీటీ కనిపిస్తుంది. అడిగిన ప్రశ్నకు జవాబు తెలియనప్పుడు నోరు మూసుకోమనకుండా, తెలిసిన వాళ్ళ దగ్గరికి పంపిన పెద్దమనిషి కనిపిస్తాడు. మన ఇళ్ళలో కూడా తెలియదని చెప్పే తండ్రులు ఉన్నారు. కానీ వారికి ఏ సంఘంలోనూ సభ్యత్వం లేదు, చీటీ రాస్తే చదివే దొర లేడు. మన తరం వాళ్ళం డిగ్రీలు, పీజీలు చేస్తున్నామంటే, ఆ చీటీ రాసే స్థానంలోకి వస్తున్నామన్నమాట. వెనక వచ్చే పిల్లల కోసం రాయాల్సింది మనమే.

పూర్తి కాని చదువు, దొరకని ఉద్యోగం

సలీం చదువులో చురుకైన విద్యార్థి కాదు. పదమూడేళ్ళ వయసు నుంచి తీవ్రమైన తలనొప్పులతో బడి మానేస్తూ ఉండేవారు. పొడి గాలికి తగ్గుతుందేమోనని సింధు ప్రాంతంలోని బంధువుల ఇంటికి పంపారు. చివరికి 1913లో మెట్రిక్ అత్తెసరు మార్కులతో గట్టెక్కారు. సెయింట్ జేవియర్ కాలేజీలో చేరి, మొదటి ఏడాదే కష్టమై మానేశారు. బర్మాలోని తవోయ్ అనే చోట కుటుంబానికి టంగ్‌స్టన్ గనుల వ్యాపారం ఉంటే చూసుకోవడానికి వెళ్ళారు. చుట్టూ అడవి ఉండడంతో వ్యాపారం కన్నా పక్షుల మీదే ధ్యాస ఎక్కువైంది. మోటారు సైకిళ్ళ పిచ్చి కూడా అక్కడే పట్టుకుంది.

1917లో తిరిగి వచ్చి ఉదయం దావర్ కాలేజీలో వాణిజ్యం, అకౌంట్లు నేర్చుకున్నారు. ఆయన మనసు కనిపెట్టిన ఫాదర్ బ్లాటర్ జేవియర్ కాలేజీలో జంతుశాస్త్రం తరగతులకు రమ్మన్నారు. ఇలా రెండు చోట్ల చదివినా డిగ్రీ చేతికి రాలేదు. 1918 డిసెంబరులో తెహ్మినా బేగంతో పెళ్ళయింది. జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రవేత్త ఉద్యోగం ఆయనకు అందలేదు. కారణం యూనివర్సిటీ డిగ్రీ లేకపోవడమే.

1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు, నెలకు 350 రూపాయల జీతం. రెండేళ్ళకు సెలవు పెట్టి 1928లో జర్మనీ వెళ్ళి, బెర్లిన్ మ్యూజియంలో ఎర్విన్ స్ట్రెస్‌మాన్ అనే గొప్ప పక్షి శాస్త్రవేత్త దగ్గర పనిచేశారు. ఆయననే జీవితాంతం గురువుగా భావించారు. 1930లో ఉత్సాహంగా తిరిగి వస్తే నిధులు లేవని ఆ ఉద్యోగాన్నే రద్దు చేశారు. పెళ్ళయిన మనిషి, 34 ఏళ్ళ వయసు, చేతిలో డిగ్రీ లేదు, జీతం లేదు.

గిజిగాడు నేర్పిన పాఠం

ఖర్చు తగ్గించుకోవడానికి దంపతులిద్దరూ బొంబాయికి సముద్రం అవతల ఉన్న కిహిం అనే పల్లెకు మారారు. అక్కడి చెట్లకు గిజిగాళ్ళు గూళ్ళు కడుతున్నాయి. పనిలేని సలీం అలీ ఆ వానాకాలమంతా వాటినే చూస్తూ కూర్చున్నారు. మగ గిజిగాడు గూడు సగం కడుతుంది. ఆడది వచ్చి లోపలంతా పరీక్షించి నచ్చితేనే ఒప్పుకుంటుంది. అప్పుడు మగది గూడు పూర్తి చేసి, ఆడది గుడ్లు పెట్టగానే పక్కన ఇంకొక గూడు మొదలుపెట్టి మరొక ఆడదాని కోసం చూస్తుంది. మన ఊరి తాటిచెట్టుకు, ఈతచెట్టుకు వేలాడే గూళ్ళే ఇవి. ఈ సంగతిని క్రమంగా రాసి ప్రచురించిన వ్యాసం ఆయనకు పేరు తెచ్చింది. ఈసారి తుపాకీ అవసరం రాలేదు. కళ్ళు, నోటుపుస్తకం సరిపోయాయి.

తర్వాత ఆయన ఒక ఉపాయం చేశారు. సంస్థానాలకు వెళ్ళి, మీ రాజ్యంలో ఏ పక్షులున్నాయో నేను లెక్క తీస్తాను, నాకు జీతం వద్దు, శిబిరం ఖర్చులు మాత్రం ఇవ్వండి అని అడిగారు. 1931-32లో మొదట జరిగిన వాటిలో హైదరాబాదు సంస్థానం సర్వే ఒకటి. ఇప్పటి తెలంగాణ, మరాఠ్వాడా, కర్ణాటక ఈశాన్య జిల్లాలు కలిసిన ఆ సంస్థానంలో ఆయన డేరాలు వేసుకుని తిరిగి రాసిన నివేదిక, సొసైటీ పత్రికలో భాగాలుగా వచ్చింది. తర్వాత తిరువాన్కూరు, కొచ్చిన్, గ్వాలియర్, ఇండోర్, భోపాల్ వంటి చోట్లకు వెళ్ళారు. తెహ్మినా ఈ శిబిరాల్లో ఆయన వెంట ఉన్నారు. ఇంగ్లండులో చదువుకున్న ఆమె అడవిలో డేరా కాపురానికి జంకలేదు. 1939లో ఒక చిన్న ఆపరేషన్ తర్వాత ఆమె చనిపోయారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. చెల్లని మనిషిలా కొంతకాలం కుంగిపోయి, అక్క కమూ, బావ హసన్ అలీల ఇంటికి చేరి మళ్ళీ పనిలో పడ్డారు.

1941లో 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' వచ్చింది. రంగు బొమ్మలతో, మామూలు మనిషి చేతిలో పట్టుకుని పక్షిని గుర్తుపట్టేలా రాసిన పుస్తకం అది. అమెరికా శాస్త్రవేత్త డిల్లాన్ రిప్లీతో కలిసి భారత, పాకిస్తాన్ పక్షుల మీద 10 సంపుటాల గ్రంథం రాశారు, 1974లో అది పూర్తయింది. మోటారు సైకిల్ పిచ్చి మాత్రం పోలేదు. 1950లో స్వీడన్‌లో జరిగిన అంతర్జాతీయ పక్షి శాస్త్ర మహాసభకు తన సన్‌బీమ్ బండిని ఓడలో యూరప్ పంపించి, దాని మీదే వెళ్ళి అందరినీ ఆశ్చర్యపరిచారు.

వేటగాళ్ళ చెరువు, పక్షుల ఊరు

రాజస్థాన్‌లో భరత్‌పూర్ చెరువు ఒకప్పుడు రాజుల వేట మైదానం. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పక్షులను కాల్చింది. ఆ లెక్క అక్కడి రాతి మీద చెక్కి ఉంది. ఆ తేదీ సలీం అలీ 42వ పుట్టినరోజు కావడం యాదృచ్ఛికమే. అదే చెరువును పక్షుల ఆశ్రయంగా నిలబెట్టడానికి ఆయన ఏళ్ళ తరబడి కృషి చేశారు. 1985లో అది ప్రపంచ వారసత్వ స్థలమైంది. కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని కాపాడాలన్న పోరాటంలో కూడా ఆయన గొంతు కలిపారు.

గౌరవాలు ఆలస్యంగా వచ్చినా వరుసగా వచ్చాయి. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభకు నామినేషన్. పాల్ గెట్టీ బహుమతిగా వచ్చిన 50,000 డాలర్లను ప్రకృతి పరిరక్షణ నిధికే ఇచ్చేశారు. డిగ్రీ లేదని ఉద్యోగం ఇవ్వని దేశంలోనే అలీఘర్, ఢిల్లీ విశ్వవిద్యాలయాలు, 1978లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి.

కడప అడవిలో కలివికోడి

ఆయన చివరి సంతోషాల్లో ఒకటి మన నేల మీద జరిగింది. కలివికోడి అనే పక్షిని 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. ఇక లేదనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మాత్రం వెతకడం మానలేదు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం ప్రాంతపు ముళ్ళపొదల్లో అది బతికే ఉందని తేలింది. ఆ వెతుకులాటలో స్థానిక వేటగాళ్ళ సాయం తీసుకున్నారు. పగలు దాక్కుని రాత్రి తిరిగే ఆ పక్షి సంగతి పుస్తకాలకు తెలియనప్పుడు కూడా వాళ్ళకు తెలుసు. ఆ తర్వాత దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

ఈ మాట మేము కావాలనే నొక్కి చెబుతున్నాం. మన హాస్టళ్ళలో వలలు వేసే వాళ్ళ పిల్లలు, పిట్టలు పట్టే వాళ్ళ పిల్లలు ఉన్నారు. కొందరు తోటివారి ముందు తండ్రి పని చెప్పడానికి సిగ్గుపడతారు. కూత విని పక్షి పేరు చెప్పడం, అడుగు చూసి జంతువును చెప్పడం ఒక విద్య. అది కాగితం మీదికి ఎక్కనందువల్లే విద్య కాకుండా పోయింది. సలీం అలీకి, ఊళ్ళోని వేటగాడికి తేడా కన్నుల్లో లేదు. ఆ కాలికి కట్టే చీటీలో, నోటుపుస్తకంలో ఉంది. మీ తాతలకు తెలిసిన పక్షుల పేర్లు, అవి గూడు పెట్టే నెలలు అడిగి రాసిపెట్టండి. ఈ సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.

ఈనాటి ఎయిర్ గన్

1987 జూన్ 20న, 90 ఏళ్ళ వయసులో సలీం అలీ కన్నుమూశారు. కోయంబత్తూరులో 1990లో ఏర్పడిన పక్షి శాస్త్ర కేంద్రానికి ఆయన పేరే పెట్టారు.

ఎయిర్ గన్ కూడా ఆయనతో పాటే మారింది. 1984 నుంచి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఒలింపిక్ క్రీడ. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండన్‌లో మన హైదరాబాదు వాడైన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ పోటీలోనే. లక్ష్యం నడుమ ఉండే పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. ఇంకో వైపు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవి పిట్టను కొట్టడం నేరం. 2021లో అరుణాచల్ ప్రదేశ్‌లో పల్లె జనం తమ ఎయిర్ గన్‌లను తామే తెచ్చి ప్రభుత్వానికి అప్పగించే కార్యక్రమం మొదలైంది. అంటే ఆ తుపాకీకి ఇప్పుడు మిగిలింది కాగితం లక్ష్యమే, అదే దానికి తగిన చోటు.

మన హాస్టల్ వెనుక చింతచెట్టు మీద పొద్దున్నే ఎన్ని రకాల పిట్టలు కూస్తాయో ఎవరైనా లెక్క పెట్టారా? జూనియర్ తమ్ముళ్ళలో ఇద్దరు ముగ్గురు ముందుకొస్తే, ఒక 200 పేజీల నోటుపుస్తకం మేము కొనిస్తాం. తేదీ, సమయం, చోటు, చూసిన పక్షి, చూసిన వాళ్ళ పేరు రాయండి. పేరు తెలియని పక్షి అయితే తెలియదని రాసి, రంగు, కూత రాయండి. వచ్చే ఏడాది సంచికలో ఆ పట్టిక అచ్చు వేద్దాం. పరిచయపు చీటీ కావాలంటే, మేము రాస్తాం.